ఊరకుక్కే అని తేలిన రోజు

కరోనా తగ్గిన మరుసటి ఏడు. సిరిసిల్ల దగ్గర ఓ పశువైద్యశాలలో నేను అటెండర్‌ని. బర్రెలను, మేకలను, కుక్కలను కదలకుండా పట్టుకోవడమే నా పని. అక్షరాలు నలభై ఏళ్ళు దాటాక నేర్చినదాన్ని, తిప్పి తిప్పి రాయడం చేతకాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

కుక్కను తెచ్చే ప్రతి ఒక్కరూ సూది వేయించుకుని పోతూ అడిగే మాట ఒకటుంది: "ఇది ప్యూర్ బ్రీడేనా?" అవునంటే మురిసిపోతారు, కాదంటే ముఖం మాడ్చుకుంటారు. కాదనే తేలాలని మొక్కుకున్న మనిషిని మాత్రం ఒక్క లలితనే చూశాను.

లలిత బీడీలు చుడుతుంది. భర్త సత్తయ్య సాంచాలు నడుపుతాడు. ఆ మరమగ్గాల చప్పుడులో ఏళ్ళ తరబడి నిలబడి అతనికి చెవులు దాదాపు పోయాయి. వాళ్ళ కుక్క బబ్లూయే అతని చెవులు. గడప ముందు ఎవరైనా పిలిస్తే లుంగీ పట్టి గుంజుతుంది. వెనక బండి వస్తే అడ్డం నిలబడుతుంది. సాంచాల షెడ్డు వెనక వీధికుక్కకు పుట్టిన పిల్ల అది. కానీ నల్లని వీపు, గుబురు తోకతో చూడ్డానికి అచ్చం జర్మన్ షెపర్డ్. లలిత ఊరుకుంటుందా? "మాది ప్యూర్" అని వాడంతా చాటింది. ఫోన్‌లో స్టేటస్ కూడా పెట్టింది.

ఆ ఫొటో చేతులు మారి సుల్తానాబాద్‌లో రైసుమిల్లు నడిపే నరేందర్ కంట పడింది. కరోనాకు ముందు సిరిసిల్లకు పెళ్ళికి వచ్చినప్పుడు ఆయన జర్మన్ షెపర్డ్ పిల్ల తప్పిపోయిందట. కారేసుకుని వచ్చాడు. లలిత ఇంటిముందు గొడవ పెరిగి, కుక్కతో సహా అందరూ మా దగ్గరికి వచ్చారు.

"గిది నా టైగరే. పిలిస్తే ఎట్ల ఉరికొచ్చిందో సూసిండ్రు గద," అన్నాడు నరేందర్.

"చేతిల బిస్కెట్ పెట్టుకొని పిలిస్తే నేను గూడ ఉరికొస్త సారూ," అన్నాను.

"మరి గీమెనే ప్యూర్ అని రాసుకున్నది గద! వీధికుక్కకు ప్యూర్ పిల్ల ఎట్ల పుట్టిందో చెప్పమనుండ్రి."

షెడ్డు వెనక వీధికుక్కకు పుట్టిందని దారంతా చెప్పుకుంటూ వచ్చిన లలిత, బబ్లూను దగ్గరకు లాక్కుంది.

డాక్టరమ్మ మెడ దగ్గర స్కానర్ పెట్టి చూసింది. మైక్రోచిప్, అంటే చర్మం కింద వేసే బియ్యపుగింజంత గుర్తు, ఉంటే నంబరు కనబడుతుంది. లేదు. నరేందర్ కూడా తన పిల్లకు వేయించలేదట. "కంటితోని చూసి జాతి చెప్పలేం. డీఎన్ఏ పరీక్ష చేయాలె," అంది.

"చేయుండ్రి. ప్యూర్ వస్తే నాది. మిక్స్ వస్తే మల్ల ఈమె గడప తొక్క," అన్నాడు నరేందర్.

ప్యూర్ అని తేలితే వీధికుక్క పిల్లన్న తన మాట అబద్ధమవుతుంది, కుక్కా పోతుంది. అయినా లలిత తలూపింది. బబ్లూ నోరు నేను తెరిచి పట్టుకుంటే డాక్టరమ్మ స్వాబ్, అదే దూదిపుల్ల, దవడ లోపల తిప్పి ల్యాబ్‌కు పంపింది.

ఫలితం వచ్చేదాకా లలిత మా చుట్టూ తిరిగింది.

"అక్కా, దాని మొఖం జూస్తే ఏమనిపిస్తంది?"

"జాతి కుక్కనే అనిపిస్తంది."

"జర అబద్ధమన్న చెప్పరాదు!"

"నేను చెప్తే ల్యాబోళ్ళు మారుస్తరా? ఊరంత డప్పు కొట్టింది నువ్వే గద."

"నా నోట్ల మన్నువడ," అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "బబ్లూ లేకుంటే ఆయనను బజార్లకు ఎట్ల తోలాలె? లారీ హారన్ గూడ ఇనవడది."



ఫలితం డాక్టరమ్మ ఫోన్‌కు వచ్చింది. అందరినీ పిలిచి చదివింది. జర్మన్ షెపర్డ్ వాటా సగం కూడా లేదు. మిగతాదంతా మన వీధికుక్కే.

"ఊరకుక్కే! నా కుక్క ఊరకుక్కే!" లలిత కేకకు బర్రెలు తెచ్చిన రైతులు ఆమెకు పిచ్చెక్కిందనుకున్నారు. సత్తయ్యకు మాత్రం ఏమీ వినబడలేదు. బబ్లూ లుంగీ గుంజితే అప్పుడు తిరిగాడు.

"ఏమాయెనే?"

లలిత చెవిలో అరిచి చెప్పింది.

"గంతేనా? షెడ్డు ఎనుక అది ఈనంగ నేను జూసిన గద! నన్నెవరన్న అడిగిండ్రా?"

ఆసుపత్రంతా నవ్వింది. నరేందర్ కూడా నవ్వాడు. జేబులోని బిస్కెట్ బబ్లూకు పెట్టి, "నా టైగర్ గూడ యాడనో గిట్లనే ఉంటే సాలు," అని కారెక్కాడు. ఆ సాయంత్రం లలిత స్టేటస్ మార్చింది: "మాది ప్యూర్ ఊరకుక్క."

అప్పటినుంచి ఎవరైనా "ప్యూరేనా?" అంటే ముందు నేనొకటి అడుగుతున్నాను: "కాదంటే ఏంజేస్తవ్?" ఆ జవాబు విన్నాక, పరీక్షకు కుక్క నోరు తెరవాలో వద్దో నాకు తెలిసిపోతుంది.