నాలుగో దినానికి పోయే నొప్పి

బోరన్న ఇంట్లో కాళ్ల మీద నడిచే పిల్లలు లేరని వల్లూరులో ఒక మాట ఉండేది. మరీ అంత కాదు గానీ, పూర్తిగా అబద్ధమూ కాదు. పెద్దది మోనిక, పదకొండేళ్లది, వంటింట్లోంచి వసారాలోకి రావాలంటే చేతుల మీద రెండు బండిచక్రాలు తిరిగి వచ్చేది. చిన్నది మంజుశ్రీ, ఏడేళ్లది, గోడకు కాళ్లు ఆనించి తలకిందులుగా నిలబడి ఎక్కాలు అప్పజెప్పేది. పదమూడో ఎక్కం దగ్గర మాత్రం ఎప్పుడూ కూలబడేది. సున్నం కొట్టిన గోడ నిండా మనిషెత్తున చిన్న చిన్న పాదాల ముద్రలు. తల్లి సుధామణి పండక్కి సున్నం పూసి చేతులు కడుక్కునే లోపే మళ్లీ పడేవి.

"నా కొడుకు మనుషుల్ని కన్నాడా, కోతుల్ని కన్నాడా!" అని బోరన్న తల్లి నరసక్క రోజుకు పదిసార్లు నెత్తి కొట్టుకునేది. కొట్టుకుంటూనే పిల్లలు పడే చోట తన దుప్పటి నాలుగు మడతలు వేసి పెట్టేది. ముసలామెకు అంతకంటే కోపం రాదు.

ఈ గెంతులన్నిటికీ మూలం బోరన్నే. ఆయన ఐదో తరగతిలో బడి మానేసి గొర్రెల వెంట పోయినవాడు. తర్వాత గొర్రెలు పోయి నాలుగెకరాల వేరుశనగ మిగిలింది. ఆ నాలుగెకరాలూ ఇప్పుడు సోలార్ పార్కు కింద ఉన్నాయి. కౌలుకిచ్చిన తన నేల మీదే నిలబెట్టిన అద్దాల్ని, ఊళ్లో వాళ్ల మాటలో ప్లేట్లను, కడిగే పని ఆయనది. ఎండ ఎక్కితే అద్దం మీద నీళ్లు నిలవవు కాబట్టి చీకటుండగానే పోయి, పొడుగు కర్రకు కట్టిన బ్రష్షుతో వరసలు వరసలుగా తోమి, పదింటికల్లా ఇంటికి వచ్చేసేవాడు. చేను ఉన్న మనిషికి పదింటికి పని ఊపందుకుంటుంది. బోరన్నకు పదింటికి పని అయిపోయేది. ఆ తర్వాత పొద్దంతా ఏం చేయాలో ఆ చేతులకు తెలిసేది కాదు. తోటివాళ్లు కానుగ చెట్టు కింద పేకలు పంచుకుంటే బోరన్న ఫోన్‌లో పిల్లల పల్టీల వీడియోలు చూడటం మొదలుపెట్టాడు.

చూసి ఊరుకునే రకం కాదు. అద్దాలు ప్యాకింగ్ చేసి వచ్చిన అట్టలు, స్పాంజి ముక్కలు సూపర్‌వైజర్ను అడిగి తెచ్చి, పాత టార్పాలిన్‌లో పెట్టి గోనెసంచి కుట్టినట్లు కుట్టి పరుపు చేశాడు. చెక్కలు మేకులు కొట్టి, పిల్లలు ఎక్కి నడవడానికి సన్నని దూలం చేశాడు. సాయంత్రం బడి వదిలితే చాలు, వసారాలో తండ్రీ కూతుళ్లు ముగ్గురూ మొదలుపెట్టేవారు. మోనిక వెనక్కి వంగుతుంటే బోరన్న రెండు అరచేతులూ ఆ పిల్ల నడుం కింద పెట్టేవాడు. అద్దం తోమీ తోమీ బండబారిన చేతులు పెంకులాగా ఉండేవి. "గీసుకుంటాంది నాన్నా, వదులు" అని మోనిక నవ్వేది. ఆ సాయంత్రాల్లో బోరన్న సంతోషంగా ఉండేవాడు. చేను పోయాక ఆయన సంతోషంగా ఉన్నది అప్పుడే.

బడిలో ఆటలు నేర్పే అమరనాథ్ మేష్ట్రు హోబళి పోటీల్లో, అంటే కన్నడ రాష్ట్రపు లెక్కలో మండలం లాంటి దాని పోటీల్లో, మోనికను చూసి నోరు తెరిచాడు. ఎవరి దగ్గరా నేర్చుకోని పిల్ల వెనక్కి వంగి, చేతులు నేలకు ఆనించి, కాళ్లు తల మీదుగా అవతలికి తిప్పి లేచి నిలబడింది.

"బోరన్నా, వచ్చే ఏడు తుమకూరులో స్పోర్ట్స్ హాస్టల్‌కు పిల్లల్ని ఏరుకుంటారప్పా. దొరికిందంటే తిండి, చదువు, ఆట అంతా వాళ్లదే. ఈ పాపను తయారు చెయ్" అన్నాడు.

తయారు చేయడమంటే బోరన్నకు తెలిసింది ఒక్కటే. ఎక్కువసేపు చేయడం. గంట ఉన్నది మూడు గంటలైంది. పొద్దున బడికి పోయే ముందు కూడా మొదలైంది.

దసరా సెలవుల్లో ఒకరోజు మోనిక మధ్యలో ఆగి నడుం పట్టుకుంది.

"ఈడ నొస్తాంది నాన్నా. వెనక్కి వంగితే సూదితో పొడిసినట్ల ఉండాది."

బోరన్న నవ్వాడు. ఆ నవ్వును ఆయన ఇప్పటికీ మరిచిపోలేదు. కానీ ఆరోజు ప్రేమగానే నవ్వాడు. కూతురు కూడా కష్టం చేసే మనిషైందని మురిసిపోయాడు.

"నేను నీ అంత ఉన్నప్పుడు మొట్టమొదట చెనక్కాయ పీకను పోయినా. మూడు దినాలు నడుం పైకి లేయలేదు మోనీ. పండుకుంటే నొప్పి, లేస్తే నొప్పి. మా నాయన ఏమన్నాడు తెలుసా? ఆపితే పట్టేస్తాది, వంగిన నడుం వంగుతానే ఉండల్ల అన్నాడు. నాలుగో దినం చూస్తే నొప్పి యాడికి పోయిందో పోయింది! మళ్లా ఈ పొద్దు దాంకా నడుం నొప్పి అనేది తెలీదు. నీకూ అంతే. నాలుగో దినానికి పోతాది."

ఆయన అబద్ధం చెప్పలేదు. వేరుశనగ పీకిన ఊరు ఊరంతా అదే చెబుతుంది. మొదటి మూడు రోజులు ఏడ్చినవాడే నాలుగో రోజు సాలు ముందు తీస్తాడు. బోరన్నకు తండ్రి ఇచ్చినదాంట్లో నేల ప్లేట్ల కిందికి పోయింది, ఈ తెలివి ఒక్కటే మిగిలింది. దాన్నే కూతురికి ఇచ్చాడు. ఆముదం వెచ్చచేసి నడుముకు రాసి, మరుసటి రోజు మళ్లీ వంగమన్నాడు.

నాలుగో రోజు సాయంత్రం పరుపు పరుస్తూ అడిగాడు.

"పోయిందా?"

మోనిక తండ్రి మొహం చూసింది. ఆ మొహం నిండా ఆశ.

"పోయింది నాన్నా" అంది.

మరునాడు ప్లేట్లు తోముతూ బోరన్న ఆ సంగతి తోటివాడు తిమ్మన్నకు చెప్పుకున్నాడు. మా పాప నా మాదిరే, గట్టి నడుం అన్నాడు.

తల్లి కన్ను వేరు. సంక్రాంతి దాటాక సుధామణి ఒకరోజు భర్తను పట్టుకుని అడిగింది.

"మోనిక లేసేది చూసినావా? నిట్టనిలువుగా లేయడంల్యా. పక్కకు దొర్లి, చెయ్యి ఊని లేస్తాంది. బిందె ఎత్తుకోమంటే చెల్లెలికి చెప్తాంది. నాకెందుకో బాగలేదు."

"నీ నోట ఒక్క మంచి మాట రాదా? అడుగు దాన్నే!" అని బోరన్న కసిరాడు. అడిగారు. నొప్పేమీ లేదమ్మా అంది మోనిక. అని, నవ్వి, అక్కడికక్కడే ఒక బండిచక్రం తిరిగి చూపించింది. ఇద్దరూ నమ్మారు. బోరన్న నమ్మాలనుకుని నమ్మాడు. ఆ తేడా ఆయనకు చాలా తర్వాత గాని తెలియలేదు.

ఆగస్టులో మేష్ట్రు, బోరన్న, మోనిక పావగడ నుంచి తుమకూరు బస్సెక్కారు. మధుగిరి దాటేదాకా పిల్ల కూర్చోలేదు, నిలబడే ఉంది. కిటికీలోంచి బయట బాగా కనపడుతుందని చెప్పింది. బోరన్న అదీ నమ్మాడు.

పెద్ద హాలు. నిజమైన పరుపులు, నీలం రంగువి. మోనిక వంతు వచ్చింది. వెనక్కి వంగింది, లేచింది, మళ్లీ వంగింది. చుట్టూ ఉన్న తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు. బోరన్నకు కళ్లు నిండాయి. కానీ ఏరుకోవడానికి వచ్చిన కోచ్ ధనలక్ష్మి మేడం చప్పట్లు కొట్టలేదు. పిల్లను దగ్గరికి పిలిచింది. నడుం మీద బొటనవేలితో ఒకచోట నొక్కింది. ఒంటికాలి మీద నిలబడి మెల్లగా వెనక్కి వాలమంది. మోనిక వాలింది. పెదవులు బిగించి వాలింది.

ఎన్నాళ్ల నుంచి అని కన్నడంలో అడిగింది మేడం. మోనిక దూరంగా ఉన్న తండ్రి వైపు చూసింది. మేడం ఆ చూపు వెంటే చూసి, ఆయన్ను కూడా రమ్మని చెయ్యి ఊపింది. బోరన్న దగ్గరికి వచ్చేసరికి కూతురు కన్నడంలో చెబుతోంది. ప్రతి మాటా ఆయనకు అర్థమైంది.

మా నాన్నకు మూడు దినాలే నొచ్చింది మేడం, నాలుగో దినం పోయింది. మా తాతకూ అంతే. నాకే పోలేదు. పోయిన దసరా నుంచి రోజూ చూస్తున్నాను. నేనే సరిగ్గా చేయడంలేదేమో అనుకున్నాను, అందుకే చెప్పలేదు.

మేడం బోరన్నను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఈమెను ఇవాళే ఎముకల డాక్టరుకు చూపించండి, ఇక ఒక్కసారి కూడా వెనక్కి వంగనివ్వకండి అని మాత్రం చెప్పి, మోనిక తల మీద చెయ్యి పెట్టి, తర్వాతి పిల్లను పిలిచింది.

డాక్టరు ఫోటో తీయించి, వెలుగుకు పట్టి చూపించాడు. నడుం కింది భాగంలో ఒక ఎముకకు చీలిక వచ్చింది, దాని మీదే నెలల తరబడి వంగడం వల్ల అది ముందుకు జారింది. బెల్టు కట్టుకోవాలి. నడవొచ్చు, చదువుకోవచ్చు. గెంతులు, వంగడాలు ఈ జన్మకు వద్దు. ఇంకా జారితే కాళ్లకే ఎసరు పెడుతుంది.

"నొప్పి రాంగనే తెచ్చింటే?" అని అడిగాడు బోరన్న. అడక్కుండా ఉండాల్సింది.

"మూడు నెలలు విశ్రాంతి ఇస్తే చాలావరకు అతుక్కునేది. మళ్లీ ఆడుకునేది కూడా" అన్నాడు డాక్టరు.

తిరుగు బస్సులో బోరన్న ఏడ్చాడు. పదిమంది చూస్తుండగా, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. మోనిక ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, "ఊరుకో నాన్నా. ఇప్పుడు నొప్పి లేదు, నిజంగా లేదు" అని ఊరు వచ్చేదాకా ఓదార్చింది. ఆయన ఏడుపు ఇంకా ఎక్కువైంది.

ఊళ్లో అందరూ దిష్టి అన్నారు. హోబళి మొత్తం చూసింది కదా పిల్లను అన్నారు. నరసక్క మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. వచ్చిన ప్రతివాడికీ బోరన్న ఒకే మాట చెప్పాడు. "దిష్టి కాదప్పా. నేనే. నా చేతులతో నేనే చేసినా."

పరుపు చుట్టి అటక మీద పడేశాడు. దూలం విరగ్గొట్టి పొయ్యిలో పెట్టబోతే మోనికే అడ్డం వచ్చింది. నడుముకు గట్టి బెల్టు, నిటారుగా నిలబడి, పెద్దమనిషిలాగా మాట్లాడింది.

"చెల్లెలు ఏం చేసింది నాన్నా? అది పడుకున్నా కాళ్లు గోడ మీదనే పెడ్తాది. దాన్ని ఆపొద్దు. నేను పక్కన కూసోని చెప్తా. దానికి నొప్పి వస్తే ఆపేద్దాం."

సుధామణి వద్దే వద్దంది. రెండు నెలలు వద్దనే అంది. కానీ మంజుశ్రీ గోడ చూస్తే ఆగేది కాదు. తల్లి కళ్లు కప్పి గొడ్లు లేని కొట్టంలో ఒంటరిగా పల్టీలు కొడుతుంటే, మెడ విరుగుతుందని భయపడి చివరికి ఆమే పరుపు దింపమంది. బోరన్న చిన్నదాన్ని ముందు నిలబెట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు.

"నొస్తే చెప్పల్ల. రవ్వంత నొచ్చినా చెప్పల్ల. నేనేమీ అనను. చెప్తావు కదా?"

"చెప్తా నాన్నా."

అప్పటి నుంచి రోజూ ఆ వసారాలో ఆట కంటే అడగడం ఎక్కువైంది. నడుం నొస్తాందా? మెడ? మోకాలు? లేదు, లేదు, లేదు అని మంజుశ్రీ పాటలాగా చెప్పేది. మోనిక గడప మీద నిటారుగా కూర్చుని, చేతులు నేరుగా పెట్టు, తల లోపలికి దాచు అని చెప్పేది. అలా చెప్పేటప్పుడు ఆ పిల్ల వేళ్లు తెలియకుండానే ఒడిలో కదిలేవి. బోరన్న అటు చూడలేక ఇటు తిరిగేవాడు.

మొన్న ఆదివారం మంజుశ్రీ బండిచక్రం తిరుగుతూ పరుపు అంచు దాటి నేల మీద పడింది. చెయ్యి కింద ఉండిపోయింది. బోరన్న ఒక్క అంగలో వచ్చి పిల్లను లేవనెత్తాడు.

"యాడ నొస్తాంది? చెప్పు మంజూ, యాడ?"

మంజుశ్రీ తండ్రి మొహంలోకి చూసింది. ఆ కళ్లలో నీళ్లు తిరగడం చూసింది. కుడిచెయ్యి మెల్లగా వీపు వెనక్కి పోయింది.

"లేదు నాన్నా" అంది. అని నవ్వింది.

"అబద్ధం నాన్నా" అంది గడప మీది నుంచి మోనిక. "నేను కూడా అట్లే నవ్వుతాంటి."

బోరన్న ఆ చేతిని ముందుకు లాగి చూశాడు. మణికట్టు అప్పటికే ఉబ్బుతోంది. కొంచెం తాకితే పిల్ల ఒళ్లంతా జల్లుమంది గాని నోటి నుంచి మూలుగు కూడా రాలేదు. ఆయన చిన్నదాన్ని భుజాన వేసుకుని రోడ్డు మీదికి పరిగెత్తి, పావగడకు పోయే ఆటోను ఆపాడు.

ఆటోలో ఒడిలో పెట్టుకుని బతిమాలాడు. "నొప్పి అని చెప్పు మంజూ. ఒక్కసారి చెప్పు తల్లీ. ఆట మానిపించను, ఏడవను. నీ కాళ్లు మొక్కుతా, చెప్పు." ఆటో అతను వెనక్కి తిరిగి చూశాడు. పిల్ల పెదవి కొరుక్కుని, రెండో చేత్తో తండ్రి చెంపలు తుడుస్తూ, పావగడ చేరేదాకా లేదనే చెప్పింది.