పక్కకి కొట్టవే తల్లీ!

మా అమ్మాయి బడి నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా, "నాన్నా, ఐ వాంట్ టు ప్లే హాకీ" అంది. ఆ మాట చెవిన పడగానే నా ఛాతీ ఉబ్బి, చొక్కా బొత్తాం ఒకటి తెగి, ఎగిరి వెళ్లి సాంబారు గిన్నెలో పడింది. హాకీ! పచ్చటి పచ్చిక, చేతిలో వంకీ కర్ర, మెడలో బంగారు పతకం, పతకం పక్కన నేను. ఇదంతా బొత్తాం మునిగేలోపే కళ్లముందు కనబడింది.

లండన్ పక్కన హౌన్స్‌లోలో ఉండే మా బావమరిది అప్పుడు బెజవాడ వెళ్లి ఉన్నాడు. వచ్చేటప్పుడు మంచి హాకీ కర్ర ఒకటి తెమ్మని ఫోనులో పురమాయించాను. వాడు దాన్ని మా అత్తగారి పాత చీరలో చుట్టి, పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు విమానంలో తెచ్చి, మేముండే కోవెంట్రీ దాకా వచ్చి ఒప్పజెప్పాడు.

ఆ కర్ర పుచ్చుకుని అమ్మాయి చెప్పిన చిరునామాకి వెళ్లాం. తలుపు తెరవగానే చలి వచ్చి నా మీసం పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది. అక్కడ టీ కప్పులోని ఆవిరి బయటికి రావడానికి భయపడి లోపలే ఉండిపోతుంది. ఎదురుగా గడ్డి లేదు. మంచు. దాని మీద ఇనప బీరువాలకి కాళ్లు మొలిచినట్టు పిల్లలు జారుకుంటూ వెళ్లి ఒకళ్లనొకళ్లు గుద్దుకుంటున్నారు. మధ్యలో గడ్డపాయన ఒకడు ఈల ఊదుతున్నాడు. ఆయనే కోచ్. కెనడా మనిషి. నా చేతిలో కర్రని కిందికీ మీదికీ చూశాడు.

"చక్కటి కర్రండీ. కానీ ఇది గడ్డి మీద ఆడేది. మా దగ్గర గడ్డి లేదు, మొలిచే ఆశా లేదు" అన్నాడు. (ఆయన అన్నది ఇంగ్లిషులోనే. తెలుగు నాది. ఉప్పూ కారం కూడా నావే.)

మా అమ్మాయి నా వెనకాల దాక్కుని, "నాన్నా, ప్లీజ్, పుట్ ఇట్ ఇన్ ది కార్" అంది.

కొత్తగా చేరిన పిల్లల తల్లిదండ్రుల్ని కోచ్ టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి స్థలపురాణం చెప్పేవాడు. ఆయన ఊరు కెనడాలో గోధుమ చేల మధ్య ఉంది. అక్కడ పొద్దున్న చలి, రాత్రి చలి, మధ్యలో హాకీ. ఆ ఊరి కుర్రాళ్ల జట్టు కోసం రైతులు తమ గాదెల చెక్కలు ఊడదీసి మైదానం చుట్టూ గోడ కట్టారట. ఒక ఏడాది మంచు బరువుకి కప్పు కూలిపోతే, కప్పు లేకుండానే ఆడేశారట. ఇంకో ఏడాది బస్సు మంచులో కూరుకుపోతే, ఆటగాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని పొరుగూరికి నడిచి వెళ్లి, శుభ్రంగా ఓడిపోయి, మళ్లీ నడిచి వచ్చారట. అతిశయోక్తిలో నన్ను మించినవాడు ఈ దీవిలో లేడని నమ్ముతూ బతికినవాణ్ణి. ఆ సాయంత్రం నాకు తొలిసారి పోటీదారు కనబడ్డాడు.

"మరి పోటీల్లో కప్పు ఎప్పుడు గెలిచారు?" అని అడిగాను.

"గెలవలేదు."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ. అయినా మూసెయ్యలేదు. అదే మా చరిత్ర."

టీ ఒక గుక్క తాగి, "చివరికి మూసేశారు లెండి" అన్నాడు. "ఓడిపోయి కాదు. ఆడటానికి ఊళ్లో పిల్లలు మిగల్లేదు."

ఆయన అప్పటికే కోవెంట్రీలో కార్ల కంపెనీలో పనికి కుదిరాడు. ఊరివాళ్లు ఆ జట్టు చొక్కాలన్నీ పెట్టెలో పెట్టి ఆయనకి పంపారు. ఆకుపచ్చ చొక్కాలు, గుండె మీద తెల్ల గుడ్లగూబ. వాటిని ఏం చేయాలో తోచక, తొడుక్కోవడానికి పిల్లల్ని వెతికి ఇక్కడ ఈ జట్టు పెట్టాడు. ఆ లెక్కన మాది కెనడా జట్టుకి దత్తత వెళ్లిన సంతానం. దత్తపుత్రులు వంశాచారం తప్పలేదు. కోవెంట్రీ శాఖ చరిత్ర ఒక్క మాటలో రాయవచ్చు: ఓడాం.

మా అమ్మాయి చేరాక రెండో శీతాకాలంలో, ఆ మంచు మైదానం, వాళ్ల భాషలో రింక్, దాని మేనేజరు కోచ్‌ని పిలిచి కబురు చల్లగా చెప్పాడు. అక్కడ ఏ కబురైనా చల్లగానే చెప్పాలి. జట్టు లీగ్‌లో నిలబడితే ఆదివారం పొద్దుటి మంచు మాది. అడుగున ఉండి లీగ్‌లోంచి పడిపోతే, ఆ వేళ పుట్టినరోజు డిస్కోలకి వెళ్లిపోతుంది. వేరే వేళ ఖాళీ లేదు. మంచు లేకపోతే మంచు హాకీ లేదు.

కోచ్ మాకు ఆ సంగతి చెప్పి, "ఒకసారి మూతపడటం చూశాను. రెండోసారి నా చేతుల మీదుగా పడకూడదు" అన్నాడు. ఎప్పుడూ ఆకాశమంత కథలు చెప్పే మనిషి అంత చిన్న వాక్యం చెప్పడంతో నాకు భయం వేసింది.

ఇంట్లో మా ఆవిడ బాధ వేరు. హాకీ సంచి వాసన ఎరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు, ఎరగనివాళ్లకి చెప్పినా నమ్మరు. అది తెరిస్తే పక్క వీధిలో నక్క కూడా ఇల్లు ఖాళీ చేసి పోయేది.

"ఏవండీ, మంచు మీద ఆడేదానికి ఇంత చెమటేంటండీ?" అనేది ముక్కు మీద కొంగు అడ్డం పెట్టుకుని.

చివరికి చంటిపిల్లల తలంటుకి వేసే సాంబ్రాణి వెలిగించి, హెల్మెట్టుకీ, మోకాలి కవచాలకీ పొగ పట్టింది. పొగ అలారం మోగింది. పక్కింటి తాతగారు బకెట్టుతో పరిగెత్తుకొచ్చాడు. ఆ ఆదివారం మా అమ్మాయి మైదానంలోకి దిగితే ఎదుటి జట్టు గోల్‌కీపరు ఆట మానేసి గాలి పీల్చుకుంటూ నిలబడ్డాడు. ఒక గోలు అలా వచ్చిందే అని నేను ఇప్పటికీ వాదిస్తాను.

అసలు కథ ఆ తర్వాతి వారం మొదలైంది. ఈ ఆటలో బంతి ఉండదు, నల్ల రబ్బరు బిళ్ల ఉంటుంది. చిల్లు పెట్టడం మర్చిపోయి మాడ్చేసిన గారె అనుకోండి. దాన్ని పక్ అంటారు. మా అమ్మాయికి పక్ దొరికితే తల వంచుకుని సూటిగా దూసుకుపోవడమే, పక్కన ఎవరున్నారో చూడదు. నేను "పాస్! పాస్!" అని అరిచి రెండుసార్లు కోచ్ చేత చీవాట్లు తిన్నాను. ఆయన నియమం ఒకటే: పెద్దలు ఉత్సాహపరచవచ్చు, ఆట చెప్పకూడదు. ఆట చెప్పేది ఆయన.

ఆ రోజు కూడా మా అమ్మాయి తల వంచుకుని ముగ్గురు ఎదుటివాళ్ల మధ్యలోకి దూరింది. ఎడమ పక్కన మా జట్టు పిల్ల ఒకతె, వడ్డన చేరని పంక్తిలో ఆఖరి విస్తరిలా, ఒంటరిగా ఎదురుచూస్తోంది. నా నోరు నా మాట వినలేదు.

"పక్కకి! పక్కకి కొట్టవే తల్లీ! పక్క! పక్క! పక్క!"

అమ్మాయి చటుక్కున తలెత్తి పక్కకి కొట్టింది. ఆ పిల్ల గోలు కొట్టింది. నేను కుర్చీ కింద దూరే ప్రయత్నంలో ఉండగా కోచ్ గాజు అద్దం దగ్గరికి వచ్చి నాకు బొటనవేలు పైకెత్తి చూపించాడు.

ఆట అయ్యాక నా భుజం తట్టి, "మిగతావాళ్లంతా తమ పిల్లల పేర్లు అరుస్తారు. మీరొక్కరే పక్‌ని చూస్తున్నారు, పక్ పేరే అరుస్తున్నారు. ఆట తెలిసిన మనిషి!" అన్నాడు.

"పక్ అంటే నాకు ప్రాణమండీ" అన్నాను. అబద్ధం కూడా కాదు, ఆ క్షణం నుంచి నిజంగానే ప్రాణం.

కారులో మా అమ్మాయి, "నాన్నా, దట్స్ చీటింగ్" అంది.

"చీటింగేంటే? తెలుగులో దగ్గాను."

అది కిటికీ వైపు తిరిగి నవ్వింది. తర్వాతి ప్రాక్టీసుకి జట్టు మొత్తానికి అర్థం చెప్పేసింది. ఇక చూడండి! "పక్క" అని నేను అరవడం, కోవెంట్రీ పిల్లలు చటుక్కున పక్కవాళ్లకి అందించడం. ఓడటం తప్ప ఏమీ తెలియని గుడ్లగూబలు వరసగా గెలిచి, ఆఖరి మ్యాచ్ నాటికి గట్టు దగ్గరికి వచ్చేశాయి. ఆ ఒక్కటీ గెలిస్తే లీగ్‌లో ఉంటాం. సమం చేసినా, ఓడినా, డిస్కోనే.

ఆ రోజు రింక్‌లో నిలబడటానికి చోటు లేదు. చెప్పాలంటే పక్కింటి తాతగారు కూడా వచ్చాడు, ఈసారి బకెట్టు లేకుండా. ఆట మొదలైంది. నేను గొంతు సవరించుకుని "పక్క!" అన్నానో లేదో, నా వెనక ఉన్న తల్లులూ తండ్రులూ ఒక్క గొంతుతో "పక్! పక్! పక్!" అని అందుకున్నారు. నా పిలుపుతో జట్టు గెలుస్తోందని వాళ్లకి నమ్మకం కుదిరింది. శకునం పాటిస్తున్నారు పాపం.

పిల్లలకి మతిపోయింది. ప్రతి అరుపుకీ పక్కకి కొట్టారు. గోలు నోరు తెరుచుకుని ఎదురుగా ఉన్నా పక్కకి కొట్టారు. పక్కవాడు ఇంకా పక్కకి కొట్టాడు. ఆ నల్లగారె మైదానం చుట్టూ ప్రదక్షిణాలు చేసింది కానీ గర్భగుడిలోకి వెళ్లలేదు. ఎదుటి జట్టు కూడా మూర్ఖులు కాదు. అరుపు వినబడగానే రెండు పక్కలకీ విడిపోయి దారులు మూసేస్తున్నారు. ఎలాగో మూడు గోల్స్ మేం కొట్టాం, మూడు వాళ్లు కొట్టారు. సమయం కరిగిపోతోంది.

"ఏవండీ, ఈ దొరలంతా 'పక్క' అని ఎందుకరుస్తున్నారు?" అంది మా ఆవిడ.

"నా వల్లే."

"అయితే ఆపించండి!"

వెనక్కి తిరిగి, తాటిచెట్టంత పొడుగున్న ఒక తండ్రిని, "అయ్యా, కాసేపు పక్ అనకండి" అని వేడుకున్నాను.

"ఎందుకు మిత్రమా? మొదలుపెట్టింది మీరేగా?" అని ఇంకా గట్టిగా అరిచాడు. కారణం చెబితే ఇన్నాళ్లూ నేను మైదానంలోకి ఆట చెబుతున్నానని కోచ్‌కి తెలుస్తుంది. చెప్పకపోతే జట్టు పోతుంది. ఇక చెప్పేయడమే మేలనుకుని కోచ్ వైపు చూశాను. ఆయన గోడకి రెండు చేతులూ ఆనించి, గడియారం చూడకుండా, పిల్లల వీపుల మీది ఆకుపచ్చ చొక్కాల్నే చూస్తున్నాడు. చెప్పబోయిన మాట మింగేసి మైదానం వైపు తిరిగాను.

అప్పుడు మా అమ్మాయికి పక్ దొరికింది. మధ్య గీత దగ్గర ఆగింది. ఎప్పుడూ తల వంచుకునే పిల్ల తలెత్తి, ఎదుటివాళ్లని చూసింది, జనాన్ని చూసింది, నన్ను చూసింది. చెయ్యి చెవి దగ్గర పెట్టి, హెల్మెట్టు కటకటాల్లోంచి, పుట్టి బుద్ధెరిగాక ఇంగ్లిషులో తప్ప నాకు జవాబివ్వని పిల్ల, రింక్ దద్దరిల్లేలా కేక పెట్టింది.

"గట్టిగా, నాన్నా!"

నాకు వెలిగింది. ఊపిరితిత్తుల్లో ఉన్న కోవెంట్రీ గాలంతా బయటికి తీసి, "పక్క!" అన్నాను. వెనక నుంచి వందల గొంతులు "పక్!" అన్నాయి. మా ఆవిడ కూడా కొంగు నడుముకి బిగించి లేచి "పక్కకే!" అంది. ఎదుటి జట్టువాళ్లు అలవాటు ప్రకారం కుడికి సగం, ఎడమకి సగం విడిపోయారు. మధ్యలో పెళ్లిపందిట్లో తివాచీ పరిచినట్టు తెల్లటి దారి తెరుచుకుంది. మా అమ్మాయి పక్కకి కొట్టలేదు. ఆ దారినే సూటిగా వెళ్లి, గోల్‌కీపరు ఇంకా పక్కకి చూస్తుండగా, వాడి కాళ్ల మధ్యలోంచి పక్‌ని వలలోకి తోసింది.

తర్వాత కాసేపు ఏం జరిగిందో నాకు సరిగా తెలియదు. రింక్ పైకప్పు లేచిపోయిందని నా అభిప్రాయం. మా ఆవిడ తాటిచెట్టు తండ్రిని కావలించుకుంది. అంతిమ గంట మోగింది. నేను గోడ తలుపు తీసుకుని, ఆఫీసు బూట్లతో, మంచు మీదికి పరిగెత్తాను. రెండడుగుల వరకు పరుగే. ఆ తర్వాత వెల్లకిలా పడి, మా పిల్లల్నీ, ఎదుటి పిల్లల్నీ, రిఫరీనీ దాటుకుంటూ జారి, అవతలి గోలు వలలో చిక్కుకుని ఆగాను. అమ్మాయి వచ్చి నా మీద పడింది. దాని మీద జట్టంతా పడింది. గుడ్లగూబల కింద నుంచి నా కాళ్లు మాత్రం కనబడ్డాయట.

మేనేజరు గట్టు మీద నిలబడి, మంచు తుడిచే బండి రావాలి, అందరూ బయటికి రండి అని మొత్తుకుంటున్నాడు.

"ఆదివారం ఎవరిది?" అని కోచ్ అరిచాడు.

"మీదే! మీదేనయ్యా! ఇప్పటికి మాత్రం దిగండి!"

కోచ్ కుప్ప దగ్గరికి జారుకుంటూ వచ్చి, ఒక్కొక్క పిల్లనీ తీసి పక్కన నిలబెట్టి, అందరికన్నా అడుగున ఉన్న నాకు చెయ్యి అందించాడు. ఆయన గడ్డం తడిసి ఉంది. చెమటే అన్నాడు.

"లేవండి. వచ్చే ఆదివారం ప్రాక్టీసు. పొద్దున్న ఆరింటికి" అన్నాడు.

ఆదివారం తొమ్మిదికి ముందు కన్ను తెరిచిన చరిత్ర మా వంశంలో ఎవరికీ లేదు. కానీ ఆ 'ఆరింటికి' అన్న మాట నా చెవికి మంగళవాద్యంలా వినబడింది. ఆయన చెయ్యి పట్టుకుని లేచి, మళ్లీ పడి, ఈసారి ఆయన్ని కూడా పడేశాను.