పొద్దున్నే అడిగే మాట

మా మావయ్యగారు దేవదానం గారు ముప్పై ఏళ్ళు చేపలకు అన్నం పెట్టారు. మనుషుల సంగతి అత్తయ్యగారు చూసుకునేవారు.

పెదపాడు అవతల నిత్యానందం గారి చెరువులో ఆయన పని. పొద్దున్నే సంచుల్లో తౌడు నింపి, చిల్లులు పొడిచి, పడవలో తీసుకెళ్ళి నీళ్ళలో పాతిన కర్రలకు వరసగా కట్టాలి. చేపలు వచ్చి సంచిని పొడుచుకు తింటాయి. సాయంత్రం ఖాళీ సంచి ఎత్తి చూసి ఏ మూల చేప ఆకలిమీద ఉందో, ఏ మూలది అలిగిందో చెప్పేవారు. చేప అలకకున్న విలువ కోడలి అలకకు లేదని నేను దెప్పితే, "నువ్వు అలిగినా అన్నం మానవు కదమ్మా బ్లెస్సీ" అని నవ్వేవారు.

రెండేళ్ళుగా ఆయనకు మతిమరుపు. మొదట కళ్ళజోడు, తర్వాత పేర్లు. మొన్న ఎండాకాలంలో మేత కట్టి ఇంటికొచ్చి, అన్నం తిని, మళ్ళీ వెళ్ళి రెండో వరస కట్టారు. మర్నాడూ అంతే. మేత ఎక్కువై నీరు చెడింది. మూడోనాడు తెల్లవారేసరికి సగం చెరువు చచ్చి తెల్లగా తేలింది.

నిత్యానందం గారు తిట్టినా బాగుండేది. "ఆయన చేతిమీద నడిచిన చెరువమ్మా, రావద్దని నా నోటితో అనలేను. మీరే ఏదోటి చూడండి" అన్నారు.

మా ఆయన అనిల్ కుమార్ పడవ నడిపే గెడ దాచేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఏలూరులో డాక్టరమ్మ చెప్పిన మాట నా బుర్రలో తాజాగా ఉంది: ఆయన గురించి ఏ నిర్ణయమైనా ఆయనకు అర్థమయ్యేలా చెప్పి, అడిగి తీసుకోండి. ఎంత బాగా చెప్పిందో అనుకున్నాను. బడిలో టీచర్ని కదా, బాగా చెప్పిన మాటంటే నాకు వల్లమాలిన నమ్మకం.

పొద్దున్న ప్రార్థన అయ్యాక అత్తయ్యగారు ఆయన ఎదురుగా కూర్చుని జరిగిందంతా చెప్పారు.

"చచ్చిపోయాయా? నా వల్లేనా సువర్ణా?"

"అవునండి. ఇంక చెరువుకి వెళ్దామా, మానేద్దామా? మీరే చెప్పండి."

ఆయన లేచి వెళ్ళి, చూరు కింద పెట్టిన గెడ తెచ్చి ఆవిడ చేతికిచ్చారు. "నేనింక వెళ్ళకూడదు. దాచెయ్యి" అని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నాకూ ఏడుపొచ్చింది, కానీ లోపల గర్వంగా కూడా ఉంది. ఎంత పెద్దమనిషి, ఎంత మంచి నిర్ణయం!

పదింటికి తలగుడ్డ చుట్టుకుని బయల్దేరారు. "మేతకి వేళయ్యింది."

మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. మళ్ళీ "చచ్చిపోయాయా?" అన్నారు. మళ్ళీ గెడ తెచ్చిచ్చారు.

అలా పంతొమ్మిది రోజులు. గెడ కనబడకపోతే ఇల్లంతా వెతుకుతారని ఆయన నిద్రపోయాక అత్తయ్యగారు దాన్ని మళ్ళీ చూరు కిందే పెట్టేవారు. పొద్దున్నే అడిగేవారు. ఆయన ఒక్కరోజు కూడా తప్పు నిర్ణయం తీసుకోలేదు. ఒక్కరోజు కూడా ఏడవకుండా ఉండలేదు.

"అమ్మాయ్, అడగమంది కదా డాక్టరమ్మ. ఎన్నిసార్లు అడగాలో చెప్పిందా?" అన్నారు అత్తయ్యగారు ఒకరోజు, గెడ చేతిలో పట్టుకుని.

నేను ఫోన్ చేస్తే డాక్టరమ్మ, "ఆయన మాట మీకు తెలిసిపోయింది కదండీ, ఇంక ఆ మాటే పాటించండి. రోజూ బాధపెట్టొద్దు" అంది. ఈ ముక్క మొదటే చెప్పి ఉండొచ్చు. నేనూ మొదటే అడిగి ఉండొచ్చు.

మర్నాడు అత్తయ్యగారు జీవితంలో మొదటిసారి మొగుడితో అబద్ధమాడారు. "ఇవాళ మేత లేదండీ, తౌడు లారీ రాలేదు."

"అలాగా" అని ఆయన తలగుడ్డ విప్పేశారు. అంతే. ఏడుపు లేదు. వారంరోజులు లారీ రాలేదు, వారంరోజులు ఇంట్లో ప్రశాంతంగా ఉంది. గెలిచామనుకున్నాను.

ఎనిమిదో రోజు నేను బస్సుకి తయారవుతున్నాను. ఆయన తలగుడ్డ జోలికి పోలేదు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అత్తయ్యగారి ఎదురుగా వచ్చి కూర్చున్నారు. ఆవిడ ముఖంలోకే చూస్తున్నారు.

"ఏం కావాలండీ?"

"పొద్దున్నే నన్నేదో అడిగేదానివి. ఇప్పుడు అడగట్లేదేంటి?"

అత్తయ్యగారు నావైపు చూశారు. నేను టిఫిన్ బాక్సు మూత పెడుతూ తల దించుకున్నాను.

"ఏం అడిగేదాన్నండీ?"

"ఏమో. నువ్వు అడిగేదానివి, నేను చెప్పేవాణ్ణి."

ఆవిడ పెరట్లోకి చూశారు. దండెం మీద రెండు చొక్కాలు ఆరుతున్నాయి.

"ఇవాళ ఏ చొక్కా వేసుకుంటారండీ? తెల్లదా, నీలందా?"

ఆయన రెండింటినీ శ్రద్ధగా చూశారు. నా బస్సు హారన్ వినబడింది, నేను కదల్లేదు.

"అది కాదు సువర్ణా" అన్నారు.