తడక మీది నుంచి నేర్చుకున్న నీటిరంగులు

మైదుకూరులో పరువు పోగొట్టుకోవడానికి బోలెడు దారులున్నాయి. నేను స్నానాల తడక దారిన పోగొట్టుకున్నాను. చెబుతాను, నవ్వుకోండి. మా ఆవిడకు వినబడేలా మాత్రం వద్దు.

అప్పట్లో నేను హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టరును. మద్రాసులో పరీక్ష పాసై వచ్చినవాణ్ణి! మా వీధి దర్జీ మస్తాన్ ఎవరి దగ్గరా ఒక్క గీత నేర్చుకోలేదు. అయినా వాడు నీటిరంగులతో గండికోట లోయ వేస్తే పెన్న పారుతున్నట్టే ఉండేది. నేను వేస్తే ఇటుకల బట్టీలా ఉండేది. మా ఎండకు కుంచె తిప్పేలోపు రంగు ఎండి చారికలు కట్టేది. వాడి బొమ్మలో చారికే లేదు! పైగా కలెక్టరుగారికి ఇవ్వాల్సిన బొమ్మను మా హెడ్మాస్టరు నన్ను కాదని వాణ్ణి వేయమన్నాడు. కడుపు మండిపోయింది. రెండు రోజులు అన్నం సయించలేదంటే నమ్మండి.

వాడి కిటుకు కనిపెట్టి, వాడికంటే ముందు నా బొమ్మ హెడ్మాస్టరు బల్ల మీద పెట్టాలనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నాలు వాడు బొమ్మలు వేసేందుకు పెరట్లో స్నానాల తడక వెనక చేరతాడని తెలిసింది. వెళ్ళి, బండ ఎక్కి తొంగిచూశాను. చుట్టూ తడిగోనెలు వేలాడదీసుకుని, తడిపిన కాగితం మీద రంగు వదులుతున్నాడు. ఓహో, ఇదా సంగతి!

"ఎవుర్రా అది, తడకలోకి చూస్తాండేది?" వెనక నుంచి వాడి భార్య హుసేన్‌బీ కేక.

"రంగులు చూస్తాండానమ్మా!" అన్నాను. ఆ క్షణాన నా పాడు నోటికి అంతకంటే మంచి మాట దొరకలేదు.

వీధంతా వచ్చి పడింది. మస్తాన్ కుంచెతో బయటికొచ్చి, "ఆడోళ్ళెవరూ లేరప్పా, లోపలుండేది నేనే" అన్నాడు.

"మొగోడు నీళ్ళు పోసుకుంటాంటే చూసేదేంటికి?" అన్నాడో పెద్దాయన. ఇదింకా ఘోరం!

మస్తాన్ నా మొహం చూసి జాలిపడ్డాడు. "నేనే రమ్మన్నా. నా కాడ బొమ్మలు నేర్చుకుంటాండాడు. ఏం అయివోరూ?"

"మద్రాసులో చదివినోడు నీ కాడ నేర్చుకునేదేందప్పా?" అన్నాడా పెద్దాయనే.

అందరూ నా వంక చూశారు. చేతులు కట్టుకుని నిలబడ్డాను. "అవును. ఈయన... మా గురువు."

జనం వెళ్ళాక మస్తాన్ నవ్వాడు. "అడిగింటే చెప్పేవాణ్ణి గదా! ఎండకు కాగితం ఆరకుండా ఈడ కూచుంటా. మా అమ్మ కొత్తచీర జాడిస్తాంటే రంగు నీళ్ళల్లో పోయేది చూసి నేర్చుకున్నా, అంతే."

మా అమ్మ కూడా చీరలు జాడించింది. నాకెందుకు అబ్బలేదు? మళ్ళీ మండింది.

సోమవారం హెడ్మాస్టరు నన్ను పిలిచి, "మీ గురువుగారి బొమ్మకు పటం మీరే కట్టించండి" అన్నాడు.

ఆ రోజే తూర్పుకు తిరిగి ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఎవరి తడకలోకీ తొంగిచూడను. అసూయ మానతానని మాత్రం అనలేదు. ఆ అసూయేదో మా వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని దర్జాగా పడతాను.