నీళ్ళలోకి దిగిన అమ్మవారి పేరు

రంగూను ఏటిలో నేను పేరు రాయని పడవ లేదని మనవలకు చెబుతూ ఉంటాను. వాళ్ళు నమ్ముతారు, ఇంకా చిన్నవాళ్ళు. కాగితం మీద పెట్టేటప్పుడు మాత్రం మనిషికి కొంచెం భయం ఉండాలి. నేను రాసినవన్నీ సంపానులు, అంటే నలుగురైదుగురిని ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దాటించే చిన్న పడవలు. ధాన్యం మోసే పెద్ద పడవను నా కుంచె అప్పటికి తాకి ఎరగదు. ఈ సంగతి అహ్లోన్ రేవులో ఎవరికీ తెలియకుండా జాగ్రత్తపడ్డాను.

పంతొమ్మిది వందల ఇరవైలలో మాట. భీమిలి దగ్గరి పల్లె నుంచి ఓడెక్కి వెళ్ళినవాణ్ణి. రంగూనులో లమ్మడా పేట వీధుల్లో దుకాణాలకు పలకలు రాసి పొట్టపోసుకునేవాణ్ణి. తెలుగు, ఇంగ్లీషు, బర్మా, ఏ అక్షరమైనా సరే. బర్మా మాట సగం కూడా రాదు గాని, వాళ్ళ అక్షరాలు మన జంతికల చుట్టల్లా ఉంటాయి, చేతికి ఇట్టే పట్టుబడ్డాయి.

పట్టుబడనిది నా మనసే. మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మా వైపు మనుషులు ఉండే గదిలో ఒక చాప నాది. దాని మీద పడుకుంటే స్టేషనులో రైలు కూత వినబడేది, లేచి కూర్చునేవాణ్ణి. ఇంటికి పోవాలని కాదు. ఎక్కడికి పోవాలో తెలిస్తే ఆ బాధే లేదు. దుకాణం పలక రాస్తే దాన్ని గోడకు కొట్టేస్తారు. అది ఎండకు ఎండి, వానకు తడిసి అక్కడే ఉంటుంది. దాన్ని చూస్తే నన్నే మేకులు కొట్టి నిలబెట్టినట్టుండేది. పడవ మీద రాసిన పేరు అలా కాదు, రంగు ఆరీ ఆరకముందే ఊరు దాటిపోతుంది. పని లేకపోయినా అందుకే పోయి రేవులో తిరిగేవాణ్ణి.

పడవ రాత పలక రాత లాంటిది కాదు. ముక్కు దగ్గర చెక్క లోపలికి వంపు తిరుగుతుంది. అక్కడ అక్షరాన్ని తిన్నగా రాస్తే గట్టు మీదినుంచి చూసేవాడికి అది కాలు జారి పడుతున్నట్టుంటుంది. కొంచెం వాల్చి రాస్తేనే తిన్నగా నిలబడుతుంది. ఈ కిటుకు నేనే కనిపెట్టానని చాలాకాలం చెప్పుకున్నాను. చీనా వడ్రంగి ఒకడు నేర్పాడు.

ఆ రేవులోనే తండేలు పరిచయమయ్యాడు. తండేలు అంటే పడవకు పెద్ద. శ్రీకాకుళం వైపు మనిషి. పడుచు వయసు నుంచీ పరాయివాళ్ళ సంపానులకే తెడ్డు వేశాడు. ఇప్పుడు తల నెరిసే వేళకు సొంతంగా ఒక పెద్ద పడవ కట్టించుకున్నాడు. అతని భార్య బర్మా మనిషి. చుట్ట నోట పెట్టుకునే మన తెలుగు మాట్లాడేది, అదీ సిక్కోలు యాసలో.

బియ్యం మిల్లు రేవులో పడవలకు వరస ఉంటుంది. వరసలో చోటుంటే ఆ కోతల కాలమంతా పని ఉన్నట్టే, లేకపోతే ఏటి మధ్య లంగరు వేసుకుని చూస్తూ ఉండాలి. ఆ ఏడు ఒక్క చోటు ఖాళీ అయింది. దానికి ఇద్దరు కాచుకుని ఉన్నారు, మన తండేలూ, ఇంకో పడవ ఆసామీ. మిల్లు రేవుకు పెద్దగా ఉన్నవాడు మన తండేలుతో, "పున్నమి నాటి సాయంత్రం మిల్లు కూత లోపల నిండు పడవతో వస్తే చోటు నీది, లేకుంటే అతనిది" అన్నాడు. చోటు దొరక్కపోతే పడవ అమ్ముకుని మళ్ళీ పరాయివాడి తెడ్డు పట్టడమే. ఆ వయసులో అది మళ్ళీ పడుచువాడు కమ్మన్నట్టే.

పడవను బురదగట్టు మీదికి లాగి ఉంచారు. నల్లనూనె పూసిన చెక్క నిగనిగలాడుతోంది.

"పెద్ద పడవలు రాసినావా బావూ?" అని అడిగాడు తండేలు.

"ఈ రేవులో ఎవరినైనా అడుగు, చెబుతారు" అన్నాను. ఏమి చెబుతారో నేను అనలేదు.

అతను ముక్కు మీద అరచెయ్యి ఆనించాడు. "ఇదిగో, ఇక్కడ రాయి. నూకాలమ్మ తల్లి అని. రెండు పక్కలా."

సంపాను మీద పేరు ఎక్కడ ఉంటుందో సరిగ్గా అక్కడే పెట్టాడు చెయ్యి. ముప్పై ఏళ్ళ అలవాటు. నాకూ అదే అలవాటు, కాబట్టి తప్పు తోచలేదు. భార్య గట్టు మీద గొంతుకూర్చుని చూస్తోంది.

"అంత కిందనేటి? మా ఇంట్ల బుద్ధుడిని తలకాయ కన్నా ఎత్తున పెడతాం. మీ అమ్మోరిని మోకాలు కాడ నిలబెడతన్నారేటి?"

"నీకు తెల్దులేయే. పడవకి అదే మొకం."

"మొకమైతే మరి అంత కిందకుందేటి, సిగ్గా?"

పడవలో పనిచేసే కళాసులు నవ్వారు. నేను సుద్దదారం కొట్టి, పసుపుపచ్చ రంగులో పేరు రాసి, ఎర్రటి అంచు తీశాను. చూసినవాళ్ళు దండం పెట్టారు. అమ్మవారికి పెట్టారు. నాకనే చెప్పుకునేవాణ్ణి.

ధాన్యానికి తొంటే అనే కాలవ మీదుగా ఒక పల్లెకు వెళ్ళాలి. వండిపెట్టడానికి తండేలు భార్య ఎక్కింది, నేనూ ఎక్కాను. నా అక్షరాలు నీళ్ళ మీద ఎలా ఉంటాయో చూడాలని చెప్పాను గాని, గదిలో ఉండబుద్ధి కాలేదు, అంతే.

పున్నమి నాటి పొద్దున ధాన్యం ఎక్కించడం మొదలుపెట్టారు. గట్టు నుంచి వేసిన పలక మీదుగా బుట్టలు వస్తున్నాయి, పడవ కడుపులో గుమ్మరిస్తున్నారు. నాకు కూర్చుంటే నిలబడాలని, నిలబడితే దిగాలని. గట్టు మీదికి దిగి ముక్కు ఎదురుగా పచార్లు చేస్తుంటే, పేరు కింది ఎర్రటి అంచు కనబడలేదు. రంగు చెరిగిందేమో అనుకున్నాను. ఇంకొన్ని బుట్టలు పడ్డాయి. అక్షరాల పాదాలు నీళ్ళలోకి వెళ్ళాయి. అప్పుడు వెలిగింది నాకు. సంపానులో మనుషులు ఎక్కినా దిగినా నీటిమట్టం పెద్దగా మారదు. ధాన్యం పడవ అలా కాదు, నిండేకొద్దీ కూర్చుంటుంది. తండేలు వైపు చూశాను. అతను బుట్టలు లెక్కపెట్టుకుంటూ సంతోషంగా ఉన్నాడు. నేను నోరు మెదపలేదు. బుట్టలు అంతటితో అయిపోతాయేమోనన్న ఆశ.

బుట్టలు అయిపోయేసరికి పేరు మొత్తం మునిగింది.

ముందు చూసింది కళాసుల్లో పెద్దవాడు, అందరూ తాత అని పిలిచే ముసలాయన. తెడ్డు నెమ్మదిగా కింద పెట్టి, "అమ్మోరు ఎల్లిపోనాది" అన్నాడు.

మా వైపు అమ్మవారి పండగలో చివరినాడు ఘటాన్ని ఊరేగించి నీళ్ళలో కలుపుతాం. నీళ్ళలో కలిపాక అమ్మవారు ఊళ్ళో లేనట్టు, సాగనంపేసినట్టు. అదీ మేళతాళాలతో, దండాలతో చేసే పని. ఇక్కడ ధాన్యం బుట్టలు మీద పోసి ముంచేశాం. కళాసులు ఒక్కరొక్కరే దిగి గట్టు మీద కూర్చున్నారు. ఎవరూ అరవలేదు, తిట్టలేదు. చుట్టలు వెలిగించారు. అది తిట్లకన్నా అన్యాయంగా ఉంది.

"ఆటు మొదలవుతాదిరా బాబులూ. ఇప్పుడు ఎల్లకపోతే సాయంత్రానికి సేరలేం" అన్నాడు తండేలు.

"అమ్మోరు లేని పడవ ఎక్కి ఏరు దాటమంతావేటి? నువ్వెల్లు" అన్నాడు తాత.

కొంత ధాన్యం దింపితే పేరు పైకి వస్తుందన్నాడు ఒకడు. నిండు పడవ అన్నది మిల్లు మాట. సగం పడవతో వెళితే వెళ్ళనట్టే.

ఆ సమయాన నేను లేచి, "తప్పు నాది, నేనే సరిచేస్తాను" అని అందరి ముందూ అన్నానని మా ఇంట్లో చెబుతాను. ఎలా అంటాను, పడవ ఎక్కి దాని గూడు వెనక నక్కి ఉంటే. తండేలే వచ్చి నన్ను చూశాడు.

"పెద్ద పడవలు రాసినానన్నావు" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు.

"సంపానులే" అన్నాను.

అతను తల ఊపి, నీళ్ళవైపు చూశాడు. నీళ్ళు ఎక్కడం ఆగి, అటూ ఇటూ తేలకుండా ఉన్నాయి. ఇక కాసేపటిలో కాలవ ఏటివైపు లాగడం మొదలుపెడుతుంది.

అతని భార్య పొయ్యి దగ్గర నుంచి లేచి గట్టు మీదికి వచ్చింది. తాత ఎదురుగా నిలబడింది.

"తాతా, ఏటేటా మీరే అమ్మోరిని నీట్ల ఏస్తారు గదా. మల్లీ ఏడు మీరే తెచ్చి కూకోబెడతారు. నాను ఇన్నేళ్ళుగా సూస్తన్నాను. ఎల్లినమ్మని పిలవడం మీకు తెల్దేటి?"

"అది పండగ అప్పా. సెప్పి సేసింది. ఇది సెప్పకుండా ముంచేసింది."

"అయితే ఇప్పుడు సెప్పండి. పండగ సెయ్యండి. నాను బుట్ట తీసి డప్పులా కొట్టమన్నా కొడతాను."

కళాసుల్లో ఒకడు ముసిముసిగా నవ్వాడు. తాత నవ్వలేదు. చుట్ట ఆర్పి పక్కన పెట్టాడు. తండేలు అతని మొహం నుంచి నీళ్ళకు, నీళ్ళ నుంచి అతని మొహానికి చూపు తిప్పుతున్నాడు.

"పసుపుందేటి?" అన్నాడు తాత చివరికి.

పసుపు ఉంది. వేపాకు దొరకలేదు. మామిడాకు తెస్తే, "ఇది పెళ్ళికి" అని గొణిగి పుచ్చుకున్నాడు. డప్పుకు బదులు కిరసనాయిలు డబ్బా. తండేలు నడుము లోతు నీళ్ళలోకి దిగి, పేరు మునిగినచోట పసుపునీళ్ళు పోసి, సాష్టాంగపడేవాడిలా పడవకు తల ఆనించాడు. డబ్బా మోగింది. పల్లెలో జనం, కొంగలు వాలినట్టు, గట్టు పొడుగునా చేరారు. ఎవరికో పెళ్ళవుతోందనుకున్నారు, ఒకామె అరటిపళ్ళు కూడా తెచ్చిచ్చింది.

"ఎల్లినమ్మా, మల్లీ రామ్మా" అన్నాడు తాత. "ఈసారి ఎత్తుమీద కూకో."

ఇక నా వంతు. గూడు ముందుభాగాన అడ్డంగా ఒక నల్లటి పలక ఉంది, ఎంత ధాన్యం పోసినా నీళ్ళకు అందదు. కుంచె నా మొలలో ఉంది. రంగు లేదు. డబ్బాలన్నీ గదిలో వదిలి వచ్చాను. నలుగురూ నా చేతివైపు చూస్తున్నారు. ఆటు అప్పటికే మొదలైంది, పడవ తాడును బిగలాగుతోంది.

తండేలు భార్య లోపలికి వెళ్ళి తన సానరాయి తెచ్చింది. బర్మా ఆడవాళ్ళు బుగ్గలకు పూసుకునే తనాకా చెక్కను దాని మీద అరగదీసి, చిక్కటి గంధం తీసి నా ముందు పెట్టింది.

"అదేటి, ఆడోళ్ళు మొకానికి రాసుకునేది" అన్నాడు తాత.

"పడవకి అదే మొకమన్నాడు మా ఆయన. మొకానికే రాస్తన్నాం."

తాత వేలు ముంచి వాసన చూశాడు. "గంధంలాటిదే" అన్నాడు, ఎవరితోనో రాజీ పడ్డట్టు.

సుద్దదారం లేదు, గీత లేదు. పడవ ఊగుతోంది. మూడు కుంచె వేటుల్లో పేరు రాసేశానని చెబుతుంటాను. ఎంతసేపు పట్టిందో తెలియదు, తండేలు తాడు విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డాడని మాత్రం తెలుసు. మొదటి అక్షరం పెద్దదైపోయింది, చివరికి వచ్చేసరికి చోటు చాలక తల్లిని మూలకు ఒదిగించాను. నల్లటి పలక మీద లేత పసుపు రంగు ఆరుతూ తెల్లబడింది. నా జన్మలో అంత వంకరగా నేను ఏ పేరూ రాయలేదు.

అందరూ తాత వైపు చూశారు. ఆయన పలకను తాకి కళ్ళకద్దుకుని, వంగి తెడ్డు తీసుకున్నాడు. మిగిలినవాళ్ళు పరుగున ఎక్కారు.

దారంతా తండేలు సూర్యుడి వైపు, నీళ్ళవైపు చూస్తూ చుక్కాని దగ్గర కూర్చోలేక నిలబడే ఉన్నాడు. నాకు మొదటిసారి నాకన్నా కుదురులేని మనిషి దొరికాడు. కాలవ దాటి పెద్ద ఏటిలోకి వచ్చేసరికి ఎదర మిల్లు పొగగొట్టం కనబడింది, ఏటి మధ్యలో లంగరు వేసుకుని ఆ రెండో ఆసామీ పడవా కనబడింది. దాని మీద మనుషులు లేచి నిలబడ్డారు.

మిల్లు కూత వేయబోతుండగా మా తాడు గట్టున పడిందని చెబితే వినడానికి బాగుంటుంది. కూతకు ఇంకా చాలా పొద్దుంది. రేవు పెద్ద టీ తాగుతూ, కప్పు దించకుండానే పడవల వరసలో ఖాళీగా ఉన్న గుంజ వైపు చెయ్యి చూపించాడు. ఏమి రాశామో, దేనితో రాశామో అతను చూడనేలేదు. ధాన్యంలో చెయ్యి పెట్టి చూసి, నిండుగా ఉందన్నాడు, అంతే.

తాడు అందుకోవడానికి కళాసు ఒకడు చెయ్యి చాచాడు. తండేలు ఇవ్వలేదు. తానే బురదలోకి దూకి గుంజకు చుట్టాడు. విప్పాడు, మళ్ళీ చుట్టాడు.

"ఇంక రా, కూడు తిను" అంది భార్య పడవ మీదినుంచి.

"నువ్వు తినీ. నానిక్కడుంతాను" అని, ఎవరైనా పీకి పట్టుకుపోతారేమో అన్నట్టు ఆ గుంజకు వీపు ఆనించి కూర్చున్నాడు.