కాశీలో వదిలేసిన కూరలు

పెళ్ళయిన కొత్తల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఒకటి దేవుడి దయ. రెండోది, పెరట్లో పచ్చగా మొలిచేదేదైనా వంటికి మంచిదేనని. మా అమ్మ నాకు చదువు ఇంట్లోనే చెప్పింది. పారాయణం చేయడమూ, పప్పులో కూర వేయడమూ ఒకే అరుగు మీద, ఒకే మధ్యాహ్నం నేర్చుకున్నాను. ఆ రెండూ ఏదో ఒకనాడు ఎదురుబొదురుగా నిలబడి నన్ను మధ్యలో ఇరికిస్తాయని అమ్మకి మాత్రం ఏం తెలుసు?

ఉప్పలగుప్తం దగ్గర మా అత్తవారిల్లు. మా వారు అమలాపురంలో మోటారు సైకిళ్ళు బాగుచేసే షాపులో పనిచేసేవారు. ఆ జీతంతో నలుగురం, నెలలో మూడో వారానికి సరుకుల డబ్బాలు తేలికైపోయేవి. అలాంటి రోజుల్లో మామయ్యగారి కాలి బొటనవేలికి కొబ్బరి మట్ట గీరుకుని పుండుపడింది, ఎంతకీ మానలేదు. పరీక్ష చేస్తే ఒంట్లో షుగరు బాగా ఉందన్నారు. రెండు నెలల్లో అది దిగిరాకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని డాక్టరుగారు చెప్పి, మందులతోపాటు ఏం తినాలో ఒక కాగితం రాసిచ్చారు. ఓట్సు, బాదం పప్పు, యాపిల్ పళ్ళు. మా వారు కొట్లో ఓట్సు ప్యాకెట్టు చేతిలోకి తీసుకుని, ధర చూసి, పక్కవాళ్ళ పసిబిడ్డని దించినంత జాగ్రత్తగా మళ్ళీ అక్కడే పెట్టేశారు. ఆయన ముఖం చూడలేక, తిండి సంగతి నాకొదిలేయమన్నాను. పెరడు ఉంది కదా అన్నాను. (పందొమ్మిదేళ్ళకి ఎంత ధైర్యమో.)

మర్నాడే కంచె మీది కాకరకాయలు కోసి, బెల్లం వేయకుండా వేయించి కంచంలో పెట్టాను. మామయ్యగారు దాన్ని చూసి చేతులు జోడించి, "కాకరకాయ కాశీలో వదిలేసేనమ్మా" అన్నారు. కాశీ వెళ్ళినవాళ్ళు ఇష్టమైన కూరో పండో గంగలో వదిలేసి రావడం, ఇక జన్మలో దాన్ని ముట్టకపోవడం తెలిసిందే. ఆయన నాలుగేళ్ళ క్రితం వెళ్ళివచ్చారు. దేవుడికిచ్చినదాన్ని కంచంలో పెట్టినందుకు లెంపలు వేసుకుని తీసేశాను. మర్నాడు మునగాకు పప్పు. అదీ వదిలేశారట. ఆ పైన అరటి దూట, అదీ అంతే. కాలవ గట్టున వంగి వంగి కోసుకొచ్చిన పొన్నగంటికూరకీ అదే గతి. చివరికి చోళ్ళు (రాగులే) విసిరి అంబలి కాస్తే అదీ గంగపాలేనన్నారు. చోళ్ళు కూర కాదు కదండీ అని అడిగితే, గింజ కూడా ఒకటి వదలాలని అక్కడి పంతులుగారు చెప్పేరన్నారు. ఆయనకి మిగిలినవల్లా ఆవకాయ, పెరుగన్నం, బంగాళాదుంప వేపుడు. అత్తయ్యగారిని పక్కకి పిలిచి, అసలక్కడ ఏమేం వదిలారని అడిగాను. "నేను ఒడ్డున బట్టలకి కాపలా కూర్చున్నానమ్మా. నీళ్ళలో ఆయన ఏమనుకున్నారో నాకు వినపడలేదు" అన్నారావిడ.

పుండు మాత్రం వినదు కదా. అత్తయ్యగారు కట్టు విప్పినప్పుడల్లా అది అలాగే కనిపించేది. ఒకరోజు పాపభీతి పక్కనపెట్టి, మునగాకు ఎండబెట్టి కందిపొడిలో కలిపేశాను. ఆయన నెయ్యి వేసుకున్నారు, కలుపుకున్నారు, ముద్ద పైకెత్తారు. "అందులో మునగాకుందండీ" అనేశాను. ఆయన ముద్ద దించి, ఇంత సత్యసంధురాలు కోడలిగా దొరకడం మా అదృష్టమమ్మా అని మెచ్చుకుని, పెరుగన్నంలో ఆవకాయ నంజుకున్నారు.

ఆ సోమవారం మురమళ్ళ స్వామి ముందు నిలబడి నేనూ వదిలేశాను. మామయ్యగారి వేలు మానేదాకా బంగాళాదుంప, పంచదార, బెల్లం తిననని, చేత్తో ముట్టనని మొక్కుకున్నాను. (వేపుడు నాకూ ప్రాణమే. గుళ్ళో గంట కొడుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగింది భక్తితోనో, దుంప మీది బెంగతోనో ఇప్పటికీ తేల్చుకోలేను.) ఇంటికొచ్చి విషయం చెబితే మామయ్యగారు నీ మొక్కు నీదేనమ్మా, మాకు వండిపెట్టు చాలన్నారు. వదిలేసినదాన్ని ముట్టుకోకూడదు కదండీ అన్నాను. ఆయన అత్తయ్యగారి వైపు చూశారు. ఆవిడ మోకాళ్ళు చూపించి, పొయ్యి దగ్గర నిలబడలేనని తేల్చేశారు. ఇక ఆయన వదిలినవి ఆయనవి, నేను వదిలినవి నావి. మా ఇద్దరి భక్తి మధ్య పొయ్యి మీదికి మిగిలింది చారు ఒక్కటే. మా వారు రెండు రోజులు నోరెత్తకుండా తిని, మూడో రోజు షాపులోనే భోంచేస్తానని వెళ్ళిపోయారు.

ఆ మూడో రోజు మధ్యాహ్నం మామయ్యగారు రెండు ముద్దలు తిని ఆగిపోయారు.

"అమ్మా, కాకరకాయ నేను కాశీలో వదల్లేదు. వదిలింది బంగాళాదుంప."

అత్తయ్యగారు చాటలో పప్పు ఏరుతున్న చెయ్యి ఆపేశారు.

"తిరిగొచ్చిన వారానికే తినేసేను. తిన్నాక భయమేసి, దాని బదులు కాకరకాయ ఇచ్చుకున్నాను స్వామికి. మళ్ళీ తిన్నాను, మునగాకు ఇచ్చుకున్నాను. తిన్నప్పుడల్లా ఒకటి ఇచ్చుకుంటూ వచ్చేను. ఈ పుండు అందుకే మానట్లేదమ్మా. ఆయనకి లెక్క తెలుసు."

"మరి చోళ్ళో, మామయ్యగారూ?"

"చోళ్ళు అబద్ధం. అవి నాకు గొంతు దిగవంతే."

"అయితే నాలుగేళ్ళబట్టీ నా చేత పాపం వండించుకు తిన్నారన్నమాట" అన్నారు అత్తయ్యగారు, చాట కింద పెట్టేసి.

నాకు నవ్వు రావాల్సింది. కానీ ఇన్నాళ్ళూ ఆయన తిండికి మొండికేస్తున్నారనుకున్నాను, భయంతో బిగుసుకుపోయారని తోచనే లేదు. గరిటె పక్కన పెట్టి ఆయన ముందు కూర్చున్నాను. "స్వామికి కాకరకాయలెందుకండీ? మీరిస్తానన్నది దుంప. అదొక్కటీ ఇచ్చేయండి. మిగతావి వెనక్కి తెచ్చేసుకుందాం" అన్నాను. ఆయన "ఆయ్" అన్నారు.

మొక్కు సరిచేసుకోవడానికి మురమళ్ళ వెళ్ళివచ్చాం. ఆ రాత్రి నుంచి కూరలు ఒక్కొక్కటే గంగ నుంచి మా ఇంటికి తిరిగొచ్చాయి. అంబలి మాత్రం ముక్కు మూసుకుని తాగేవారు, నా వైపు చూడకుండా. రెండు నెలలకి షుగరు దిగింది, పుండు పూడుకుంది. ఓట్సు బాగా పనిచేసినట్టున్నాయే అని డాక్టరుగారంటే, మామయ్యగారు ఎంతో మర్యాదగా ఆయ్ అన్నారు.

దణ్ణం పెట్టుకోవడానికి మళ్ళీ గుడికెళ్ళాం. అప్పుడే వాన వెలిసింది. ప్రదక్షిణలో ఆయన ముందు, నేను వెనుక. తడి రాళ్ళ మీద ఆయన అడుగు పడిన చోటల్లా అయిదు వేళ్ళ అచ్చు కనిపించి, మెల్లగా ఆరిపోయేది. అది ఆరేలోగా ఇంకొకటి. శ్లోకాలన్నీ మరిచిపోయి ఆ అచ్చుల వెనకే నడిచాను. ఇదంతా నా వంట మహిమేనని ఆ పూట ఎంత పొంగిపోయానో. మందులనీ, రోజూ కట్టు కట్టిన అత్తయ్యగారి చేతులనీ, కోడలి ముందు తలవంచి నిజం చెప్పిన ఆ పెద్దాయన ధైర్యాన్నీ ఒక్కసారీ తలుచుకోలేదు. ఆయన వెళ్ళిపోయి ఇప్పటికి చాలా ఏళ్ళయింది. స్వామి పక్కన నిలబడి, నేనూ ఓ చెయ్యి వేశానులెండి అన్నట్టు చూసిన ఆ పందొమ్మిదేళ్ళ పిల్లని, ఆయన ఎంత పెద్దమనసుతో ఓర్చుకుని ఉంటారో పాపం.