నేను తిరగరాసిన అర్జీ

నా చిన్నప్పుడు లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఎవరికి ఇంగ్లీషులో అర్జీ కావలసినా మా తాతయ్య దగ్గరికే వచ్చేవారు. ఆయన చదివింది ఎనిమిదో తరగతి వరకే, మిగతా ఇంగ్లీషంతా ఆఫీసు ఫైళ్లు చూసి పట్టుకున్నది. నేనూ అప్పుడు ఎనిమిదే, కానీ కాన్వెంటులో. ప్రిపొజిషన్ తర్వాత క్రియ వస్తే దానికి ‘ఇంగ్’ తగిలించాలని ఆ వారమే మా టీచరు చెప్పింది. ఇక నా కంటికి లోకమంతా తప్పులే.

ఒక సాయంత్రం వెనక క్వార్టరు పెద్దమ్మ వచ్చింది. వర్క్‌షాపులో పనిచేసే ఆమె భర్త పోయాడు. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయాలి. కూతురి పదో తరగతి పరీక్షలకేమో ఇంకా రెండు నెలలుంది. అవి అయ్యేదాకా ఉండనివ్వమని తాతయ్య అర్జీ రాశాడు. ఆమె సంతకం పెట్టబోతుంటే నేను కాగితం లాక్కున్నాను.

“‘బిఫోర్ కంప్లీట్’ ఏంటి తాతయ్యా? ‘బిఫోర్ కంప్లీటింగ్’ అనాలి. ఆఫీసరు చూస్తే నవ్వుతాడు!”

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? వేలు పెట్టి మరో మూడు తప్పులు చూపించాను. పెద్దమ్మ ముఖం పాలిపోయింది. “గిట్ల తప్పులుంటే ఇయ్యల్నే ఖాళీ చెయ్యమంటరా సారూ?” అంది. తాతయ్య చెవులు ఎర్రబడ్డాయి. అది చూసి నాకెంత గర్వం కలిగిందో చెప్పుకోవాలంటే ఇప్పుడు తల ఎత్తలేను.

ఆయన తిట్టలేదు. పెన్ను నా చేతికిచ్చి రాయమన్నాడు. ‘ఫర్ గ్రాంటింగ్’, ‘వితౌట్ కాజింగ్’, ‘ఇన్‌స్టెడ్ ఆఫ్ వెకేటింగ్’ అంటూ మొత్తం కొత్తగా రాశాను. ఒక్క తప్పు లేదు.

“ఆమెకు తెలుగులో చదివి చెప్పు తల్లీ. సంతకం ఆమెది కదా” అన్నాడు.

చెప్పాను. పెద్దమ్మ చేతులు కట్టుకుని చివరిదాకా వింది.

“మస్తు రాసినవ్ బిడ్డా. మరి మా పిల్ల పరీక్షల ముచ్చట ఏడుంది?”

లేదు. ఆ సంగతి ఉన్నది తాతయ్య తప్పుగా రాసిన వాక్యంలోనే. తప్పుతో పాటు దాన్నీ ఎత్తి పారేశాను. ఎందుకుండనివ్వాలో చెప్పకుండా ఉండనివ్వమని అడిగాను.

తాతయ్య నవ్వుతాడేమోనని చూశాను. నవ్వి ఉంటే కనీసం వాదించేదాన్ని. ఆయన నా కాగితాన్నే పళ్లెంలా జాగ్రత్తగా పట్టుకుని, పరీక్షల మాట ఎక్కడ చేరిస్తే బాగుంటుందని నన్నే అడిగాడు. వేళాకోళంగా కాదు, నిజంగా. నేను చూపించిన చోట చేర్చాడు. పెద్దమ్మ సంతకం పెట్టి లేచింది.

“నీకు తక్లీఫ్ ఇచ్చిన బిడ్డా, ఏమనుకోకు” అంది.

వాళ్లకు గడువు దొరికింది, పిల్ల పరీక్షలు రాసింది. అది నా ఇంగ్లీషు గొప్ప కాదని నాకు తెలుసు. ఆ తర్వాత వాళ్లు బొల్లారం వెళ్లిపోయారు.

ఇన్నేళ్లకూ నా నోరేమీ తగ్గలేదు, మా ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. కాకపోతే ఎవరి రాతలో తప్పు కనిపించినా, ముందు వాళ్లేం అడుగుతున్నారో చివరిదాకా చదువుతాను. ఆ రోజు ‘ఏమనుకోకు’ అనవలసింది నేను. పెద్దమ్మ మెట్లు దిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. అన్నిటికీ లేచే నోరు ఆ ఒక్క మాటకు పెగల్లేదు.